అందరూ బెంచీల మీద, ఒక్కతే కింద

నేను చెప్పేవాటిలో ముప్పాతిక నిజం, పాతిక గోదావరి నీళ్ళ ప్రభావం అని మా ఇంట్లోవాళ్ళు అంటుంటారు. వాళ్ళకి లెక్కలు సరిగ్గా రావు. మండపేట రైసుమిల్లు ముందు ఆగిన లారీల వరస చివర ఎక్కడుందో చూద్దామని సైకిలెక్కి, తొక్కుతూ తొక్కుతూ రామచంద్రపురంలో తేలానని ఓసారి స్టాఫ్ రూములో చెప్పాను. ముగ్గురు నమ్మారు. ఒకాయన అయితే, ఆ వరసలో వాళ్ళ బావమరిది లారీ కనబడిందా అని అడిగాడు. ఇంకోసారి, క్లాసులోకి వచ్చిన గేదెకి 'స్టాండ్' అంటే నిలబడమని నేర్పానని చెప్పాను. అది మాత్రం నిజమే. గేదె అప్పటికే నిలబడి ఉంది.

ఇరవై ఏడేళ్ళు సర్కారు బడుల్లో ఇంగ్లీషు చెప్పి, ఇంకా సర్వీసుండగానే నా అంతట నేను బయటికొచ్చేశాను. ఎందుకని అడిగినవాళ్ళకి పూటకో కారణం చెబుతుంటాను. ఇప్పుడు చెప్పబోయేది దానికి కారణం కాదు. నిజానికి ఇది జరిగాక ఇంకా నాలుగేళ్ళు చేశాను, పంతానికి. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళ కోసమే రాస్తున్నాను. మిగతావాళ్ళు వద్దన్నా చదువుతారు.

మా హైస్కూలు గౌతమి గట్టుకి దిగువన, సముద్రానికి దగ్గర్లోనే ఉండేది. వరిచేలవాళ్ళ పిల్లలు, కొబ్బరి దింపులవాళ్ళ పిల్లలు, రేవు పక్కన మత్స్యకారుల పేట పిల్లలు, అందరూ అక్కడికే వచ్చేవారు. తొమ్మిదో తరగతికి నా పీరియడు రెండోది. ఆ ఏడాది వాళ్ళకి నేను తలకెత్తుకున్న పని ఒక్కటే: 'స్టాండ్' అనే మాట.

మీరు నవ్వచ్చు. నిలబడు అనే మాట నేర్పడానికి ఏడాదెందుకండీ అని మా హెడ్మాస్టరు గారూ నవ్వారు. నిలబడటం తేలికే. దాని వెనకాల వచ్చి చేరే చిన్న ముక్కలతోనే తంటా. మనం ఆ ముక్కల్ని వస్తువుకి తగిలిస్తాం: బెంచీ మీద, గుమ్మం పక్కన, ఇంటి ముందు. ఇంగ్లీషువాడు వాటిని తెచ్చి క్రియ పక్కన కూర్చోబెడతాడు. కూర్చోగానే క్రియ స్వభావమే మారిపోతుంది. స్టాండ్ అనే అమ్మాయి ఒకతే. బై గారింటికి వెళ్తే కష్టంలో తోడుండే మనిషి అవుతుంది. ఫర్ గారింటికి వెళ్తే ఎన్నికల్లో పోటీ చేస్తుంది. ఇన్ గారింటికి వెళ్తే సెలవు పెట్టినవాళ్ళ బదులు పనిచేస్తుంది. అవుట్ గారింటికి వెళ్ళిందా, ఊరందరిలోకీ తానొక్కతే కళ్ళకి కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

గైడులో ఇవన్నీ రెండు వరసల్లో అచ్చేసి ఉంటాయి. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు. పిల్లలు వాటిని ఎక్కాల్లాగా బట్టీపడతారు. వారం తిరిగేసరికి ఎడమవైపున్న బై కుడివైపున ఫర్ ఇంట్లో కాపురముంటుంది. ఏళ్ళ తరబడి ఆ కాపురాలు సర్దీ సర్దీ నాకు విసుగొచ్చింది. ముందు కాళ్ళకి నేర్పాలి, తర్వాత నోటికి, ఆఖర్న నోటుబుక్కుకి అని ఒక పద్ధతి పెట్టుకున్నాను.

స్టాండ్ బై చెప్పాలంటే ఇద్దరిని లేపేవాణ్ణి. ఒకడు హోంవర్కు చెయ్యక నా ముందు నిలబడ్డ దోషి. రెండోవాడు ఏ తప్పూ చెయ్యలేదు. వచ్చి దోషి పక్కన నిలబడాలి, అంతే. మాట్లాడకూడదు, వకాల్తా పుచ్చుకోకూడదు. అలా రెండు నిమిషాలు నిలబడి చూడండి, దోషి మొహం ఎలా మారుతుందో. స్టాండ్ అప్ టు అంటే క్లాసులో అందరికంటే పొట్టివాణ్ణి తెచ్చి అందరికంటే పొడుగువాడి ఎదుట నిలబెట్టేవాణ్ణి. పొట్టివాడు వెనకడుగు వెయ్యకూడదు. పొట్టివాడు వెయ్యలేదు గానీ, పొడుగువాడు వేశాడు. ఆ మాటకి అర్థం ఇక ఎవరూ మర్చిపోలేదు.

స్టాండ్ అవుట్‌కి మాత్రం బెంచీలు కావలసి వచ్చాయి. క్లాసంతా బెంచీలెక్కి నిలబడుతుంది. ఒక్కరు కింద నేల మీద నిలబడతారు. అప్పుడు ఎవరు కనబడతారు? కిందున్నవాళ్ళే. పొడుగు వల్ల కాదు, గొప్ప వల్ల కాదు, మిగతావాళ్ళకంటే వేరుగా ఉండటం వల్ల. అది చూపించాలని నా ఉద్దేశం.

మా బళ్ళో బెంచీ ఎక్కడమంటే శిక్ష. ఆ బెంచీల మీద తండ్రులు నిలబడ్డారు, తాతలు నిలబడ్డారు. అందుకే కావాలని వాటినే వాడాను. శిక్ష వేసే సామాను మీద ఆడుకుంటే దానికున్న భయం వదిలిపోతుందని నా వాదన. ఇప్పటికీ అదే వాదన. ఎవరైనా కాదంటే రమ్మనండి, కాఫీ ఇచ్చి మరీ వాదిస్తాను.

ఇక నా తప్పు దగ్గరికొస్తాను.

స్టాండ్ అవుట్ చెప్పాల్సిన వారంలో నన్ను రెండు రోజుల శిక్షణకి రామచంద్రపురం రమ్మన్నారు. మా స్కూల్లో ఆ ఏడాదికి మాత్రమే గంటల లెక్కన తీసుకున్న ఒక టీచరమ్మాయి ఉండేది. కోనసీమలో అర్చకుల ఇంటి పిల్ల. రోజూ పొద్దున్నే పంటు మీద గోదావరి దాటి వచ్చేది. పెట్టుకున్నది సోషలు చెప్పడానికే గానీ, చదివింది ఇంగ్లీషు. తన పీరియడు ఖాళీ అయితే నా క్లాసు వరండాలో నిలబడి కిటికీలోంచి వినేది. ఆ అమ్మాయిని పిలిచి రేపటి పాఠం నువ్వు తీసుకోమన్నాను.

"బెంచీలెక్కించాలా మాస్టారూ?"

"ఎక్కకపోతే పాఠమేముందమ్మా?"

"హెడ్మాస్టరు గారికి చెప్పారాండీ?"

"చెప్పాను."

చెప్పలేదు. చెబితే వద్దంటారని తెలుసు. జీవితంలో నేనాడిన పెద్ద పెద్ద అబద్ధాలన్నీ నవ్వించాయి. ఈ ఒక్క చిన్నదీ ఒకరి మెడకి చుట్టుకుంది. పైగా ఒక సలహా కూడా ఇచ్చాను: తలుపులు వేసుకో, పక్క క్లాసులో లెక్కల మాస్టారికి గోల పడదు అని.

మర్నాడు రామచంద్రపురంలో, పిల్లలకి ఆనందంగా పాఠం చెప్పడమెలాగో తెర మీద బొమ్మలేసి మాకు చూపిస్తున్నారు. సగం మంది ఆనందంగా నిద్రపోతున్నారు. అంతలో నా ఫోను గుయ్యిమంది. లెక్కల మాస్టారు ఒక ఫొటో పంపాడు. కిటికీ ఊచల్లోంచి తీసింది. మా తొమ్మిదో తరగతి. పిల్లలందరూ బెంచీల మీద నిలబడి కిందికి చూస్తున్నారు. మధ్యలో నేల మీద ఒక్కతే ఆడపిల్ల, రెండు చేతులతో మొహం కప్పుకుని. పేట నుంచి వచ్చే పిల్ల. ఫొటో కింద రాసిన మాటలు: 'మన పిల్లని ఒక్కదాన్నే కింద నిలబెట్టి అందరిచేతా నవ్విస్తున్నారు. ఇదీ మన బడి.'

ఆ ఫొటో తీసింది ఆ పిల్ల నాన్నే. ఏదో కార్డు జిరాక్సు ఇచ్చిపోదామని స్కూలుకొచ్చాడట. తలుపులు మూసి ఉన్నాయి. కిటికీలోంచి చూశాడు. చూసినవాడు లోపలికి రాలేదు, ఎవరినీ అడగలేదు, ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి పేట గ్రూపులో, సాయంత్రానికి జిల్లా అధికారుల ఫోనుల్లో.

తెల్లారి శిక్షణ ఎగ్గొట్టి స్కూలుకొచ్చాను. హెడ్మాస్టరు గారు మంచి మనిషి. ఇంకో రెండు నెలల్లో దండ వేయించుకుని ఇంటికెళ్ళాల్సినవారు. నన్ను చూడగానే ఫోను బల్ల మీద పెట్టి నావైపు తిప్పారు.

"ఏంటండీ మాస్టారూ ఇది?"

"పాఠమండి."

"పాఠానికి మొహం కప్పుకుని ఏడుస్తారాండీ ఎవరైనా?"

"నా పాఠాలకి ఏడ్చినవాళ్ళున్నారు గానీ, ఈ పిల్ల ఏడవడం లేదండి. నవ్వుతోంది."

"ఫొటోలో నవ్వెక్కడ వినబడుతుందండీ బాబూ! శుక్రవారం విచారణకి వస్తున్నారు. పేటవాళ్ళూ వస్తున్నారు." తర్వాత గొంతు తగ్గించారు. "నేనొకటి ఆలోచించాను. ఆ రోజు మీరు ఊళ్ళో లేరు. అది నిజం. నాకేమీ తెలీదు. అదీ నిజం. ఆ అమ్మాయి తన ఇష్టం వచ్చినట్టు చేసిందని రాసేద్దాం. ముగ్గురిలో ఇద్దరు నిజమే చెప్పినట్టవుతుంది."

"మూడో మనిషి సంగతి?"

"చిన్న వయసు కదండీ. కాకినాడలో ప్రైవేటు స్కూళ్ళు బోలెడున్నాయి."

ఆ మాటన్నప్పుడు ఆయన నావైపు చూడలేదు, గుమ్మం వైపు చూశారు. నేనూ అటు తిరిగాను. టీచరమ్మాయి హాజరు పట్టీ పట్టుకుని అక్కడే ఉంది. అంతా విన్నట్టుంది. హెడ్మాస్టరు గారిని ఏమీ అనలేదు. నన్నే అడిగింది, మెల్లిగా.

"చెప్పానన్నారు కదండీ మాస్టారూ?"

 

గంటల మీద పనిచేసేవాళ్ళకి విచారణలూ, సంజాయిషీలూ ఉండవు. రేపట్నుంచి రావొద్దని ఒక్క ఫోను చాలు. అది పోతే ఇంకో చోట దొరుకుతుంది అనుకోవచ్చు. కానీ మత్స్యకారుల పిల్లని అందరిలో అవమానించిన అర్చకుల ఇంటి టీచరు అని ఒకసారి పేరు పడితే, అది ఆమె వెంట ప్రతి ఊరికీ వెళ్తుంది. పంటు ఎక్కినా దిగినా జనం చూస్తారు. నా అబద్ధానికి ఆమె మోయబోయే బరువు అదీ.

"చెప్పలేదమ్మా. అబద్ధమాడాను," అన్నాను హెడ్మాస్టరు గారి ముందే. "అయ్యా, మూడో నిజం కూడా దొరికింది. అదీ రాసుకోండి."

ఆ సాయంత్రం కూర్చుని సంజాయిషీ రాశాను. మామూలుగా నేను సెలవు చీటీ రాసినా రెండు పేజీలు దాటుతుంది, అందులో కనీసం ఒక పాము ఉంటుంది. ఈసారి నాలుగు వాక్యాలు. 'ఆ పాఠం నాది. హెడ్మాస్టరు గారి అనుమతి ఉందని ఆ టీచరుతో అబద్ధం చెప్పింది నేను. ఆమె నేను చెప్పినట్టే, నాకంటే బాగా, పాఠం చెప్పింది. అదే పాఠాన్ని విచారణ అయిన మర్నాడు రెండో పీరియడులో, అవే బెంచీల మీద నేను మళ్ళీ చెబుతాను.'

లెక్కల మాస్టారు చదివి కాగితం వెనక్కి తిప్పి చూశాడు. "ఇందులో ఒక్క గేదె కూడా లేదేంటండీ? ఎవరు నమ్ముతారు?" అన్నాడు.

శుక్రవారం పొద్దున జిల్లా నుంచి అధికారి వచ్చారు. కళ్ళద్దాలు, చేతిలో ఫైలు, రోజుకి మూడు విచారణలు చేసీ చేసీ అలిసిపోయిన మొహం. హెడ్మాస్టరు గదిలో కూర్చున్నారు. పేట నుంచి పెద్దమనుషులిద్దరూ, ఆ పిల్ల నాన్నా వచ్చారు. కుర్చీలు చూపిస్తే పెద్దలు కూర్చున్నారు గానీ, ఆయన కూర్చోలేదు. అధికారి ముందు పిల్లని పిలిచి అడిగారు.

"నిన్నెవరైనా ఏమైనా అన్నారామ్మా?"

"లేదండి. కింద నిలబడతానని అందరూ చెయ్యెత్తారండి. చీటీలు తీస్తే నాకొచ్చిందండి."

"మరి మొహం కప్పుకున్నావెందుకు?"

"నవ్వొచ్చిందండి. అందరూ పైనుంచి నన్నే చూస్తుంటే..."

వాళ్ళ నాన్న తల అడ్డంగా ఊపాడు. "భయపడి చెబుతోందండి. ఇంటి దగ్గరా ఇదే చెప్పింది." కాస్సేపు ఆగాడు. "అయ్యగారూ, నేనూ ఇదే బళ్ళో చదివానండి. ఏడో తరగతి దాకా. మా పేటోళ్ళం వెనకాల కింద కూర్చునేవాళ్ళం. చేపల కంపని మమ్మల్ని పక్కకి జరగమనేవాళ్ళు. బెంచీ ఖాళీ ఉన్నా ఎక్కనిచ్చేవోరు కాదు. ఇంటికెళ్తే మా అమ్మ అడిగేది, బళ్ళో ఏమైందిరా అని. ఏం లేదమ్మా, బావుంది అనేవాణ్ణి. ఏం లేదని నేను చెప్పినట్టే చెబుతోందండి ఇది కూడా. ఆ ఫొటోలో మా పిల్ల మళ్ళీ కిందే ఉందండి."

 నాకు కోపం రావాల్సింది పోయి, ఆ మనిషి మీద గౌరవం కలిగింది. నేను ఎంచుకున్న ఆటలో ఒక్కరు కింద ఉండటమంటే ఈ పేటవాళ్ళకి ఏం గుర్తొస్తుందో నాకు ఒక్కసారైనా తట్టలేదు. బెంచీల భయం పోగొట్టాలని లెక్చర్లిచ్చినవాణ్ణి, నేల మీద కూర్చోబెట్టిన చరిత్ర మర్చిపోయాను. అది నా రెండో తప్పు. మొదటిదానికంటే పెద్దది.

కానీ తప్పని తలొంచుకుంటే శిక్ష పడేది నాకు కాదు. అందుకని లేచాను.

"సార్, ఈయన కిటికీలోంచి ఒక్క నిమిషం చూశారు. మీరు ఫొటోలో ఒక్క క్షణం చూశారు. దానికి ముందూ వెనకా ఏముందో ఎవరూ చూడలేదు. ఇప్పుడు చూడండి."

"విచారణలో పాఠమేంటండీ?" అన్నారు అధికారి.

"పాఠం మీదే కదండీ విచారణ?"

ఆయన వాచీ చూసుకున్నారు. హెడ్మాస్టరు గారు గోడ మీద క్యాలెండరు చూసుకున్నారు. పేట పెద్దల్లో ఒకాయన, "చూద్దాంలెండి, వచ్చాం కదా," అన్నాడు. వరండాలో ఉన్న టీచరమ్మాయిని కూడా పిలుచుకుని అందరం తొమ్మిదో తరగతికి కదిలాం.

నేను చెబుతానని అందరూ అనుకున్నారు. నేను టీచరమ్మాయికి చాక్‌పీసు ఇచ్చాను. ఆమె నావైపు ఎలా చూసిందంటే, ఇప్పుడు తలుచుకున్నా ఒక అడుగు వెనక్కి వేస్తాను. కానీ తీసుకుంది. బోర్డు మీద స్టాండ్ అవుట్ అని రాసింది. పిల్లలు బెంచీలెక్కడం అనగానే టపటపా చెప్పులు విప్పేశారు.

"కింద ఎవరుంటారు?"

"నేనండి! నేనండి! టీచర్, నాకండి!" క్లాసంతా చేతులే. బడి పైకప్పు రేకులు రెండు లేచి గౌతమిలో పడ్డాయంటే మీరు నమ్మరు కాబట్టి చెప్పను.

చీటీలు వేశారు. మా మత్స్యకారుల పిల్ల మళ్ళీ చెయ్యెత్తింది గానీ చీటీ రాలేదు. మూతి ముడుచుకుని బెంచీ ఎక్కింది. చీటీ ఎవరికొచ్చిందంటే, ఊళ్ళో అందరికంటే ఎక్కువ చేలున్న ఇంటి కుర్రాడికి. వాళ్ళ తాత ఈ స్కూలుకి స్థలమిచ్చిన మనిషి. వాడు మీసాలు మెలేసినట్టు చెయ్యి తిప్పుతూ మధ్యలోకొచ్చి నిలబడ్డాడు. అందరూ పైనుంచి వాణ్ణే చూస్తున్నారు. ఎవరూ ఏమీ అనడంలేదు. మూడు నాలుగు క్షణాలు గడిచాయి. వాడి చెవులు ఎర్రబడ్డాయి. పెదాలు బిగబట్టాడు. ఇక ఆగలేక రెండు చేతులతో మొహం కప్పుకుని, భుజాలు ఎగిరెగిరి పడుతుంటే పగలబడి నవ్వాడు.

అచ్చం ఆ ఫొటోయే. మనిషి మారాడంతే.

నేను పిల్ల నాన్ననే చూస్తున్నాను. ఆయన ఆ కుర్రాణ్ణి చూశాడు. తర్వాత బెంచీ మీద మూతి ముడుచుకుని నిలబడ్డ కూతుర్ని చూశాడు. ఆవిడగారికి చీటీ రాలేదన్న కోపం ఇంకా తగ్గలేదు. ఆయన మొహంలో ముందు అనుమానం పోయింది. తర్వాత ఏదో వచ్చింది. అది సంతోషమని నేను రాయను, ఇరవై ముప్పై ఏళ్ళ బరువు ఒక్క పీరియడులో దిగదు.

"ఆయ్," అన్నాడు. "ఇదాండీ."

అధికారి మాత్రం వదల్లేదు. ఆటలు సరే, చదువేమైనా వచ్చిందా అని, బెంచీ మీదున్న మా పిల్లనే అడిగారు.

"స్టాండ్ బై అంటే ఏంటమ్మా?"

పిల్ల గైడులో ముక్క చెప్పలేదు. "మొగ దగ్గరండి, గోదారి సముద్రంలో కలిసేచోట, మా నాన్నోళ్ళ బోట్లు వెళ్తాయండి. ఒకదానికి ఇంజను ఆగిపోతే మిగతా బోట్లు ఇంటికొచ్చెయ్యవండి. అలలు ఎక్కువుంటే తాడు విసరడానికి కూడా కుదరదండి. అయినా చుట్టూ ఉంటాయండి, ఇంజను స్టార్టయ్యేదాకా. అదండి."

అధికారి ఫైలు తెరిచి ఏదో రాసుకున్నారు. విచారణకి సంబంధం లేనిదేదో రాసుకున్నారని నా అనుమానం.

తిరిగి గదిలోకొచ్చాక పిల్ల నాన్న చేతులు కట్టుకున్నాడు. "నా కంప్లెయింటు తీసేసుకుంటానండి. ఆ అమ్మగారినేం అనొద్దండి."

"మీరు చూసినంతలో మీరు చేసింది సరైనదేనండి," అన్నాను. "ఇంకోసారి తలుపు తీసుకుని లోపలికి రండి. తలుపు తన్ని అయినా రండి."

"తలుపు మీరెందుకు మూశారండీ మరి?" అన్నాడాయన.  ఆ రోజుతో మా ఇద్దరికీ అసలైన స్నేహం మొదలైంది.

వాళ్ళు వెళ్ళాక అధికారి కుర్చీ వెనక్కి వాల్చారు. "కంప్లెయింటు పోయింది, సరే. ఫొటో మాత్రం పైదాకా వెళ్ళిందండి. చర్య తీసుకున్నామని నేనొక ముక్క రాయాలి. ఆ టీచరుని..."

నేను నా నాలుగు వాక్యాల కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన చదివారు. రెండోసారి చదివారు. పెన్ను తీసి నాకిచ్చారు.

"ఆ ఆఖరి వాక్యం కొట్టెయ్యండి. మిగతాది చాలు. మీకొక హెచ్చరిక రాసి ఫైలు మూసేస్తాను. అందరూ క్షేమం."

హెడ్మాస్టరు గారు మొహం తుడుచుకుని, "కొట్టేస్తారండి. కొట్టెయ్యండి మాస్టారూ," అన్నారు.

ఒక గీత. అంతే. పెన్ను చేతిలోనే ఉంది. మీలో చాలామంది గీసేవారు. మిమ్మల్ని తప్పుపట్టను. కానీ కాస్త ఆలోచించండి. మళ్ళీ చెయ్యను అని నేను ఒప్పుకుంటే, జరిగింది తప్పని ఒప్పుకున్నట్టే. అది తప్పయితే ఆ తప్పు చేసిన చేతులు నావి కావు, టీచరమ్మాయివి. ఇవాళ కాకపోతే ఇంకో నెలకి, ఇంకో అధికారి ఫైలు తిరగేసి ఆమె పేరు వెతికి పట్టుకుంటాడు. పాఠం సరైనది అని నేను అంటున్నంతసేపే ఆమె మీద ఎవరూ చెయ్యి వెయ్యలేరు.

పెన్ను మూతపెట్టి తిరిగిచ్చాను. "ఉండనివ్వండి సార్."

"ఇది మొండితనమండీ."

"ఆయ్."

"దూరం వెయ్యాల్సొస్తుంది మిమ్మల్ని."

"బస్సుంటుందాండీ అక్కడికి?"

"ఒకటుంది. పొద్దున వెళ్తుంది."

"రాదాండీ?"

ఆయన నవ్వబోయి ఆపుకున్నారు. మొహం కప్పుకోవడానికి చేతులు చాల్లేదు, ఫైలు అడ్డం పెట్టుకున్నారు.

మీకు ముందే చెప్పేస్తాను, టీచరమ్మాయి పేరు ఏ కాగితంలోకీ ఎక్కలేదు. ఆ ఏడాదంతా చేసింది, తర్వాతి ఏడాదీ చేసింది, మా తొమ్మిదో తరగతి ఆమెకే ఇచ్చారు. నన్ను క్షమించిందా అని అడక్కండి. పంటు దగ్గర కనబడితే, "ఏవండీ మాస్టారూ, ఇవాళ ఎవరికేం చెప్పానన్నారు?" అని పలకరిస్తుంది. ఆ పలకరింపుకి నేను అర్హుణ్ణే.

ఇక మర్నాడు. శనివారం, రెండో పీరియడు. నాలుగో వాక్యంలో రాసినట్టే తొమ్మిదో తరగతికి వెళ్ళాను. రెండు తలుపులూ బార్లా తెరిచాను, కిటికీలు కూడా. పిల్లలు బెంచీలెక్కారు. ఈసారి చీటీలు వెయ్యలేదు, కింద నేను నిలబడ్డాను. ముప్పై ఎనిమిది జతల కళ్ళు పైనుంచి నన్ను చూశాయి. సరిగ్గా అప్పుడే మా అటెండరు కాగితంతో గుమ్మంలోకొచ్చాడు. బదిలీ ఉత్తర్వులు నెలలు నెలలు దారిలో నిద్రపోతాయని అందరూ అంటారు. నాది మాత్రం రాత్రి బయల్దేరి పరిగెత్తుకుంటూ వచ్చినట్టుంది.

"మాస్టారూ, సంతకం పెట్టి రిలీవై పొమ్మన్నారండి, వెంటనే."

"పాఠం నడుస్తోంది. బెల్లు కొట్టాక పెడతాను."

"బెల్లు కొట్టేది నేనేనండి."

"తెలుసు. నీ పని నువ్వు చెయ్యి, నా పని నేను చేస్తాను."

ఆయన బెంచీల మీదున్న పిల్లల్ని చూశాడు. కింద నన్ను చూశాడు. ఆ మనిషి ఆ స్కూల్లో గంట కొట్టడం మొదలుపెట్టి పాతికేళ్ళు దాటింది. ఆ గంట విని ఊళ్ళో రేడియోలు సరిచేసుకునేవారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వరండా చివర గంట దగ్గరికెళ్ళి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చేతిలో సుత్తి, ఎదురుగా గోడ గడియారం.

నేను పాఠం చెప్పాను. స్టాండ్ అవుట్ అయింది. స్టాండ్ ఫర్ అయింది. స్టాండ్ అప్ టు మళ్ళీ ఒకసారి చేశాం, ఈసారి పొడుగువాడు గట్టిగా నిలబడ్డాడు. నలభై అయిదు నిమిషాలూ అయిపోయాయి. హెడ్మాస్టరు గారు గదిలోంచి బయటికొచ్చి గడియారం చూశారు, అటెండర్ని చూశారు, లోపలికెళ్ళి తలుపు జారేసుకున్నారు. పక్క క్లాసులో లెక్కల మాస్టారు రెండో అధ్యాయం మొదలెట్టేశాడు.

నేను కిటికీలోంచి చూశాను. అటెండరు కదల్లేదు. సుత్తి ఒళ్ళో పెట్టుకుని, గడియారం వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.